తుపాను తరవాత భాగవతం తెరిచేటప్పుడు

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటినప్పుడు గంటకు సుమారు 185 కిలోమీటర్ల వేగంతో వీచిన గాలికి కైలాసగిరి మీది చెట్లు నేలకూలాయి, విమానాశ్రయం పైకప్పు దెబ్బతింది, రోజుల తరబడి కరెంటు లేదు. అలాంటి రోజుల్లో పోతన భాగవతాన్ని ఎక్కడ మొదలుపెట్టి ఎలా చదువుకోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

సింహాచలం నీడన పెరిగినవారికి మొదట నోటికి వచ్చేది సప్తమ స్కంధంలో ప్రహ్లాదుడు చెప్పిన "ఇందుగలడందు లేడని సందేహము వలదు" అన్న పద్యమే. దానితో మొదలుపెట్టవద్దు. కిటికీ అద్దాలు పగిలి, పరుపులు నీళ్ళోడుతున్న గదిలో నిలబడినవారికి ఆ మాట ఎంత నిజమైనా ఆ పూటకు కటువుగా వినిపిస్తుంది. అష్టమ స్కంధం తీసి, గజేంద్రమోక్షంలో "కలడందురు దీనులయెడ" దగ్గర ఆగండి. దీనుల పట్ల ఉన్నాడంటారు, యోగుల పట్ల ఉన్నాడంటారు, అన్ని దిక్కులా ఉన్నాడంటారు అని అంతా లోకం మాటగానే చెప్పుకొచ్చిన ఏనుగు, చివరకు "కలడు కలండనెడివాడు కలడో లేడో" అంటుంది. సందేహం వలదన్న కవే ఈ సందేహాన్నీ రాశాడు; మొసలి నోట కాలు ఉన్నవాడిని ఆయన తప్పుపట్టలేదు.

తరవాత "లావొక్కింతయు లేదు" పద్యాన్ని పైకి, మెల్లగా చదవండి. అందులో ముందు వచ్చేది స్తోత్రం కాదు, ఒంటి పరిస్థితి: బలం లేదు, ధైర్యం సడలింది, ప్రాణాలు చోటు తప్పాయి, మూర్ఛ వచ్చింది, శరీరం డస్సిపోయింది. ఒక్కో ముక్క దగ్గర ఆగి మీ ఇంటి సంగతి కూడా చెప్పుకోండి, ఎందుకంటే అదంతా చెప్పుకున్నాకే "నీవే తప్ప నితఃపరం బెరుగ" అన్న మాట వస్తుంది. పిల్లల చేత చదివిస్తే "ఠావుల్" దగ్గర నాలుక తడబడి నవ్వుతారు; నవ్వనివ్వండి.

పుస్తకం తడిసి ఉంటే అంటుకున్న పుటలను బలవంతంగా విడదీయకుండా గాలి తగిలే నీడలో ఆరనివ్వాలి.

దశమ స్కంధంలోని గోవర్ధనోద్ధరణను మాత్రం ఒంటరిగా చదవవద్దు. సాయంత్రం మేడమెట్ల మీద ఇరుగుపొరుగుతో కూర్చుని చదవండి. అక్కడ కృష్ణుడు ముందు వానను ఆపలేదు, ఏడు రోజులు కొండను ఎత్తిపట్టి గోవులతో సహా అందరినీ దాని కిందికి రమ్మన్నాడు. ఈలోగా వీధిలోకి నీళ్ళ ట్యాంకరు వస్తే, పద్యం సగంలో ఉన్నా సరే, పుస్తకం మూసి బిందెలు అందుకోండి.