కీరింగ్ ఫోల్డర్‌కి 777 కొట్టే ముందు ఆగండి

ఫైళ్లని ఎన్‌క్రిప్ట్ చేసి, డిజిటల్ సంతకం పెట్టే జీపీజీ ప్రోగ్రామ్ తన హోమ్ డైరెక్టరీ (కీలు దాచే కీరింగ్ ఫోల్డర్, పేరు డాట్ జీఎన్‌యూపీజీ) పర్మిషన్లు సురక్షితంగా లేవని హెచ్చరిస్తే కీ పోయిందని కంగారు పడకండి, అలాగని వదిలేయకండి, అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చే 777 కూడా కొట్టకండి. మీ రహస్య కీ ఉన్న ఫోల్డర్‌లోకి అదే మెషిన్‌లోని వేరే యూజర్లు తొంగిచూసే వీలుందని దాని అర్థం.

ముందు ఓనర్ ఎవరో చూడండి. డాట్ జీఎన్‌యూపీజీ ఫోల్డర్ పేరు చుక్కతో మొదలవుతుంది కాబట్టి మామూలుగా కనపడదు, ఎల్‌ఎస్ కమాండ్‌కి హైఫన్ ఎల్‌ఏ తగిలిస్తే కనపడుతుంది. ఆ వరుసలో మీ పేరు బదులు రూట్ (అడ్మిన్ యూజర్) అని ఉంటే ఎప్పుడో సుడోతో, అంటే అడ్మిన్ అధికారంతో, జీపీజీ నడిపి ఉంటారన్నమాట. నేనూ అలా చేసి, నా కీతో నేనే సంతకం చేయలేక గంటసేపు టెన్షన్ పడ్డాను. సీహెచ్‌ఓన్ కమాండ్‌తో ఓనర్‌షిప్ మీ పేరుకి మార్చుకోండి. సుడో ఈ ఒక్క పనికే, జీపీజీకి వద్దు.

ఇక పర్మిషన్లు. చదవడానికి 4, రాయడానికి 2, ఫోల్డర్ లోపలికి వెళ్లడానికి 1. వీటిని కూడితే వచ్చే అంకెలు మూడు వరసగా ఓనర్‌కి, గ్రూప్‌కి, మిగతావాళ్లకి. ఫోల్డర్లకి 700, ఫైళ్లకి 600 ఉండాలి. చాలామంది మొత్తానికీ ఒకే దెబ్బకి 600 కొట్టేస్తారు, అప్పుడు ఫోల్డర్‌కి ఆ 1 లేక ఓనర్ కూడా లోపల అడుగు పెట్టలేడు, కీలు అక్కడే ఉన్నా జీపీజీకి అందవు. అందుకే ఫైండ్ కమాండ్‌తో వెతికి, పర్మిషన్లు మార్చే సీహెచ్‌మాడ్‌తో టైప్ డీకి (ఫోల్డర్లు) 700, టైప్ ఎఫ్‌కి (ఫైళ్లు) 600 విడివిడిగా ఇవ్వండి.

బ్యాకప్ దగ్గర ఇంకా జాగ్రత్త కావాలి. జీపీజీ 2.1 నుంచి రహస్య కీలు ప్రైవేట్-కీస్-వీ1 డాట్ డీ అనే లోపలి ఫోల్డర్‌లో ఉంటున్నాయి, కాబట్టి పబ్లిక్ కీలుండే పబ్‌రింగ్ ఫైల్ ఒక్కటే కాపీ చేసుకుంటే మీ చేతికొచ్చేవి పబ్లిక్ కీలే. జీపీజీలో ఎక్స్‌పోర్ట్-సీక్రెట్-కీస్ ఆప్షన్ వాడండి. దాని ఔట్‌పుట్‌ని ఫైల్‌లోకి మళ్లించే ముందు అదే టెర్మినల్‌లో, కొత్త ఫైళ్లని ఓనర్‌కి మాత్రమే పరిమితం చేసే యుమాస్క్ 077 కొట్టండి, లేదంటే ఆ ఫైల్ అందరూ చదవగలిగే 644తో పుట్టొచ్చు. ఫ్యాట్32 పెన్‌డ్రైవ్‌లో ఈ 600లు నిలవవు, డ్రైవ్‌నే ఎన్‌క్రిప్ట్ చేయాలి. రివొకేషన్ సర్టిఫికెట్‌ని మాత్రం వేరే చోట దాచండి, అది ఎవరి చేతిలో పడితే వాళ్లు మీ కీని రద్దు చేసేయగలరు.

తర్వాత బ్యాకప్ సరిగ్గా వచ్చిందో లేదో తేల్చుకోవడానికి 700తో ఒక ఖాళీ ఫోల్డర్ చేసి, హోమ్‌డిర్ ఆప్షన్‌తో బ్యాకప్‌ని అందులోకి ఇంపోర్ట్ చేసి, లిస్ట్-సీక్రెట్-కీస్ కొట్టి చూడండి. కీ వరుస మొదట్లో "సెక్" అని మాత్రమే ఉంటే సరే, దాని పక్కన హ్యాష్ (#) గుర్తు కనపడితే అసలు కీ బ్యాకప్‌లోకి రాలేదు, మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేయండి.