పాత ఎంజీబీ మిస్సింగ్ కొడుతుంటే ముందు కరెంటు చూడండి

నాది 1969 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్, టాపు తీసేయగల బ్రిటిష్ స్పోర్ట్స్ కారు. ఇంగ్లండ్‌లో నేనుండే డిడ్‌కాట్ నుంచి ఆ కారు పుట్టిన అబింగ్డన్‌కి పది మైళ్లు కూడా ఉండదు. ఫ్యాక్టరీ 1980లోనే మూతపడింది కాబట్టి ఆ దగ్గరితనం వల్ల నాకు ఒరిగిందేమీ లేదు.

కిందటి వేసవిలో ఏ34 మీద యాభై మైళ్ల వేగంతో నింపాదిగా పోతుంటే మిస్సింగ్ మొదలైంది, అంటే సిలిండర్లలో మంట అప్పుడప్పుడూ తప్పిపోతోంది. ఐడిల్‌లో ఇంజన్ బంగారం. యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కితే శుభ్రంగా లాగుతుంది. సగం తొక్కి ఒకే వేగంలో పోతున్నప్పుడు మాత్రం ఎక్కిళ్లు. రెండు శనివారాలు కార్బురేటర్ల మీద తగలేశాను. జెట్లు దించాను, మళ్లీ ఎత్తాను, డ్యాష్‌పాట్‌లో ఆయిల్ మార్చాను. చివరికి రాజమండ్రిలో ఉన్న నాన్నకి ఫోన్‌లో ఇంజన్ చప్పుడు వినిపించాను. ఆయన చాలా ఏళ్లు అంబాసిడర్ టాక్సీ నడిపారు. ఆ పెట్రోల్ అంబాసిడర్‌లో ఉన్నదీ బీ సిరీస్ ఇంజనే. ఆయనది 1489 సీసీ, నాది 1798. ఫైరింగ్ ఆర్డర్ (సిలిండర్లు మండే వరస) కూడా ఒకటే, 1-3-4-2.

"కార్బురేటర్ జోలికి ఎందుకెళ్లావు తల్లీ? ముందు డెల్కో మూత తీసి చూడు" అన్నారు. స్పార్క్ కరెంటును నాలుగు ప్లగ్గులకూ వరసగా పంచే డిస్ట్రిబ్యూటర్‌ని ఆయన ఎప్పుడూ డెల్కో అనే అంటారు.

మూత తీసే ముందు ఒక పని చేయండి. మిస్సింగ్ ఎప్పుడు వస్తోందో కాగితం మీద రాసుకోండి. చల్లగా ఉన్నప్పుడా, ఇరవై నిమిషాలు నడిచాకా? ఎత్తు ఎక్కేటప్పుడా, మామూలు రోడ్డు మీదా? వాన పడిన రోజునేనా? లోడ్ మీద మాత్రమే వస్తే ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్‌లో తిరుగుతూ ఒక్కో వైరుకూ కరెంటు అందించే రోటర్ వైపు చూడాలి, ఎందుకంటే సిలిండర్లో ఒత్తిడి పెరిగేకొద్దీ స్పార్క్ దూకడం కష్టమవుతుంది. వేడెక్కాక వస్తే కాయిల్ (బ్యాటరీ కరెంటును స్పార్క్ దూకేంత వోల్టేజికి పెంచేది) లేదా కండెన్సర్ (డిస్ట్రిబ్యూటర్‌లో కాయిల్ కరెంటును తెంచి కలిపే పాయింట్లు అనే స్విచ్ మాడకుండా కాపాడేది). నాలాగా సగం యాక్సిలరేటర్ దగ్గరే వస్తే దాని కథ వేరు, తర్వాత చెప్తాను.

పెట్రోల్ లోపమా, కరెంటు లోపమా అన్నది నడుపుతుంటేనే చాలావరకు తెలిసిపోతుంది. కరెంటు పోతే స్విచ్ ఆపినట్టు ఠక్కున పోతుంది, అంతే ఠక్కున వస్తుంది. పెట్రోల్ అందకపోతే బండి మెల్లగా నీరసపడుతుంది. చోక్ కొంచెం లాగితే తేరుకుంటే అది పెట్రోల్ వైపు సమస్యే. 1969 కారులో ఇంకో సాక్షి ఉంది: ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే టాకోమీటర్. కాయిల్‌కి వెళ్లే తెల్ల వైరులోని కరెంటును బట్టే దాని ముల్లు కదులుతుంది. మిస్ కొట్టినప్పుడల్లా ముల్లు కూడా పడిపోతుంటే లోపం ఇగ్నిషన్ స్విచ్, కాయిల్, పాయింట్ల దారిలో ఉంది. ముల్లు నిలకడగా ఉంటే రోటర్, మూత, ప్లగ్ వైర్లు, ప్లగ్గుల మీద అనుమానపడాలి. నా ముల్లు గంతులేస్తూనే ఉంది. నేను దాన్ని చూసి, మీటర్ కూడా పాతబడిపోయిందిలే అనుకున్నాను!

ఏ సిలిండర్ మిస్ అవుతోందో తెలుసుకోవడానికి మా షెడ్లలో ప్లగ్ వైర్లు ఒక్కొక్కటే పీకి చూస్తారు. షాక్ కొడుతుంది, కాయిల్‌కీ మంచిది కాదు. టైమింగ్ లైట్ ఉంటే దాని క్లిప్పును ఒక్కో వైరుకూ తగిలించి వెలుగు చూడండి. వెలుగు తప్పిపోతున్న వైరు దగ్గర ఆగండి. నాలుగింటిలోనూ తప్పుతుంటే కాయిల్, పాయింట్లు, రోటర్ లాంటి ఉమ్మడి భాగాల్లో లోపం. వెలుగు క్రమంగానే ఉన్నా సిలిండర్ పని చేయకపోతే ప్లగ్ మార్చి చూసి, కంప్రెషన్ కొలవండి. 1, 2 రెండూ కలిసి ఇబ్బంది పెడుతుంటే ముందు కార్బురేటర్, 3, 4 అయితే వెనకది చూడాలి. ఈ హెడ్‌లో రెండేసి సిలిండర్లకు ఒకే ఇన్‌లెట్ దారి. కార్బురేటర్‌ని అనుమానించాల్సిన సందర్భం అదొకటి.

రాత్రిపూట లైట్లు ఆర్పేసి, ఇంజన్ నడుస్తుండగా బానెట్ ఎత్తి చూడటం పైసా ఖర్చు లేని పరీక్ష. ప్లగ్ వైర్ల మీద కొద్దిగా నీళ్లు స్ప్రే చేస్తే కరెంటు లీకయ్యే చోట నీలంగా మెరుస్తుంది. ఫ్యాన్ తిరుగుతుంటుంది, చున్నీ, జడ జాగ్రత్త. తర్వాత ఇంజన్ ఆపి మూత లోపల చూడండి. పెన్సిల్‌తో గీసినట్టు సన్నటి నల్ల గీత కనిపిస్తే మూత మార్చాల్సిందే. మధ్యలో ఉండే కార్బన్ ముక్క స్ప్రింగు మీద ఆడుతోందో లేదో వేలితో నొక్కి చూడండి. రోటర్ పైకి బాగానే కనిపిస్తూ లోపల్నుంచి కరెంటును షాఫ్ట్‌లోకి వదిలేస్తుండొచ్చు. కాయిల్ నుంచి వచ్చే లావు వైరు కొనను ఇన్సులేషన్ ఉన్న ప్లైయర్స్‌తో పట్టుకుని రోటర్ ఇత్తడికి పావు అంగుళం దూరంలో ఉంచి, ఇగ్నిషన్ ఆన్ చేసి, మూసి ఉన్న పాయింట్లను స్క్రూడ్రైవర్‌తో విడదీయండి. రోటర్ మీదికి స్పార్క్ గట్టిగా దూకితే ఆ రోటర్ పనికిరాదు.

కొత్త భాగమే కదా అని నమ్మకండి. ఈ కాలం కండెన్సర్లు కొన్ని వంద మైళ్లు కూడా నిలవవు. పాయింట్ల దగ్గర స్పార్క్ లావుగా మెరుస్తుంటే పాతదాని వైరు విప్పేసి, మంచిదని తెలిసిన కండెన్సర్‌ని బయటే కాయిల్ డిస్ట్రిబ్యూటర్ టెర్మినల్‌కీ ఎర్తుకీ మధ్య తగిలించి నడిపి చూడండి. ఒక్కసారి ఒక్కటే మార్చండి. నాలుగూ కలిపి మారిస్తే ఏది పాపం చేసిందో తెలీదు, కొత్తవాటిలో ఒకటి చెడ్డదైతే ఇంకా గందరగోళం.

కాయిల్‌కి రెండు సన్న వైర్లూ విప్పి మల్టీమీటర్‌తో కొలిస్తే 3 ఓమ్‌ల పైచిలుకు రావాలి. ఆ తర్వాత వచ్చిన రబ్బరు బంపర్ల ఎంజీబీలకి బ్యాలస్ట్ వైరుతో (కరెంటును తగ్గించే నిరోధం ఉన్న వైరు) పనిచేసే ఒకటిన్నర ఓమ్‌ల కాయిల్ ఉంటుంది. దాన్ని తెచ్చి నా కారుకు పెడితే పాయింట్లు మాడిపోతాయి. పాత యజమాని ఏం పెట్టాడో చూసుకోండి.

ఇక నా కారు సంగతి. సగం యాక్సిలరేటర్ దగ్గర ఏం జరుగుతుంది? అప్పుడే కార్బురేటర్ నుంచి వాక్యూమ్ గట్టిగా వచ్చి డిస్ట్రిబ్యూటర్‌లో పాయింట్లున్న ప్లేటును లాగుతుంది. ఈ 25డీ4 డిస్ట్రిబ్యూటర్‌లో ఐడిల్‌లో ఆ లాగుడు లేదు, పూర్తిగా తొక్కినప్పుడూ ఉండదు. అంటే ప్లేటు కదిలినప్పుడే ఏదో తెగుతోంది. వాక్యూమ్ పైపును కార్బురేటర్ దగ్గర ఊడదీసి, ఇంజన్ ఐడిల్‌లో ఉండగా నోటితో పీల్చాను. ఇంజన్ వేగం కొంచెం పెరగాలి. నాది తడబడి ఆగిపోయింది.

తర్వాత పరీక్ష మీటరుతో. పాయింట్లు మూసుకునేలా ఇంజన్ తిప్పి, ఇగ్నిషన్ ఆన్ చేసి, కాయిల్ మీద తెలుపు-నలుపు వైరున్న టెర్మినల్‌కీ ఇంజన్ ఇనుముకీ మధ్య వోల్టేజి చూడండి. 0.2 లోపు ఉండాలి. నాకు 0.9 చూపించింది, ప్లేటును వేలితో కదిపితే 4 దాకా ఎగబాకింది. ఈ పరీక్ష నిమిషంలో ముగించండి, లేకపోతే కాయిల్ కాలుతుంది.

దోషి ప్లేటును డిస్ట్రిబ్యూటర్ ఒంటికి కలిపే చిన్న ఎర్తు వైరు. పైన గుడ్డ తొడుగు చక్కగా ఉంది, లోపల తీగలన్నీ తెగిపోయాయి. దాని స్థానంలో సన్న పోగులున్న మెత్తటి వైరే వేయాలి. గట్టి వైరు వేస్తే ప్లేటు కదలదు, లేదా మళ్లీ తెగుతుంది. పనిలో పనిగా పాయింట్లకు వచ్చే ఇంకో వైరునూ వంచి చూడండి, అదీ ఇలాగే లోపల తెగుతుంది.

మూసేముందు పాయింట్ల గ్యాప్ పెట్టాలి. ఫైబర్ మడమ క్యామ్ శిఖరం మీద ఉండగా 15 థౌ (అంగుళంలో వెయ్యో వంతులు), అంటే 0.38 మిల్లీమీటర్లు. ప్లగ్గులకి 25 థౌ. పాయింట్ల గ్యాప్ మారితే టైమింగ్ కూడా జరుగుతుంది కాబట్టి అది చివర్లో, లైటుతో చూసుకోవాలి.

మళ్లీ నాన్నకి చప్పుడు వినిపించాను. కాసేపు విని, "మిస్సింగ్ పోయింది గానీ టప్పెట్లు వదులుగా ఉన్నట్టున్నాయే" అన్నారు. ఇంజన్ చల్లారాక వాల్వుల గ్యాప్ కొలిస్తే 15 థౌ ఉండాల్సిన చోట మూడోది 19 ఉంది.