30 శాతం ఉండగానే ఫోన్ ఆఫ్ అయిపోతోందా? ముందు ఇవి చూడండి

బ్యాటరీ మార్పించాలని షాపుకి బయల్దేరే ముందు సెట్టింగ్స్‌లో బ్యాటరీ పేజీ తెరిచి, ఏ యాప్ ఎంత తింటోందో చూడండి. ఈ చిన్న పని చెయ్యకుండానే డబ్బు పెట్టేవాళ్లు ఎంతోమంది. చూస్తుంటే బాధేస్తుంది.

సమస్య: ఛార్జింగ్ సాయంత్రం దాకా నిలవడం లేదు

రాత్రి ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి పడుకోండి. తెల్లారేసరికి రెండు మూడు శాతమే తగ్గితే చాలావరకు లోపం బ్యాటరీది కాదు. ఏదో యాప్ వెనకాల నడుస్తూ ఉండాలి, లేదా ఫోన్ సిగ్నల్ కోసం వెతుక్కుంటూ ఉండాలి. వాడని రెండో సిమ్‌ను ఆపేయండి. 5జీ సరిగా అందని ఊళ్లో 4జీకి మార్చుకోండి.

సమస్య: ఛార్జింగ్ నెమ్మదిగా ఎక్కుతోంది

వేరే కేబుల్, వేరే అడాప్టర్‌తో చూడండి. ఫోన్ ఆఫ్ చేసి, పోర్టులో ఇరుక్కున్న దుమ్మును చెక్క పుల్లతో మెల్లగా తియ్యండి. చాలాసార్లు అంతే.

సమస్య: 30, 40 శాతం చూపిస్తూనే ఆఫ్ అవుతోంది. ఛార్జర్ పెట్టగానే మళ్లీ అదే శాతంతో లేస్తోంది

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే. శాతం తప్పు చూపిస్తోందనుకుని పూర్తిగా దింపి, పూర్తిగా ఎక్కించి, చివరికి ఫ్యాక్టరీ రీసెట్ కూడా కొట్టేస్తారు. ఫోటోలు పోతాయి, సమస్య మాత్రం అలాగే ఉంటుంది.

అసలు కారణం ఎక్కువగా బ్యాటరీ లోపలి రెసిస్టెన్స్, అంటే కరెంటును అడ్డుకునే గుణం, పెరగడం. ఛార్జ్ ఉంటుంది, కానీ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు అడిగితే ఇవ్వలేకపోతుంది. ఉదాహరణకు 30 శాతం దగ్గర వోల్టేజ్ 3.7 ఉందనుకోండి. ఫ్లాష్ వేసి ఫోటో తీసేటప్పుడు ఫోన్ 2 ఆంపియర్లు లాగితే, పాతబడి రెసిస్టెన్స్ 0.2 ఓములకు చేరిన బ్యాటరీలో 0.4 వోల్టులు అక్కడే పడిపోతాయి. మిగిలేది 3.3. బోరు మోటారు వెయ్యగానే ఇంట్లో బల్బు మసకబారినట్టే ఇది. వోల్టేజ్ ఇంకాస్త దిగితే ఫోన్ తనను తాను ఆపేసుకుంటుంది. చలికి రెసిస్టెన్స్ ఇంకా పెరుగుతుంది. లంబసింగిలో తెల్లవారుజామున ఫోటో తీయబోతే పాత ఫోన్ ఆరిపోయేది అందుకే.

సర్వీస్ సెంటర్‌లో ‘టెస్ట్ పాసైంది, బ్యాటరీ బాగానే ఉంది’ అనొచ్చు. నిండుగా ఛార్జ్ చేసి, ఎక్కువ కరెంటు లాగే పనేదీ చేయించకుండా చూస్తే ఈ లోపం బయటపడదు. కాబట్టి ఫోన్‌ను 30 శాతానికి దింపి తీసుకెళ్లండి. వాళ్ల ముందే ఫ్లాష్ వేసి వీడియో తియ్యండి. జాబ్ షీట్‌లో (ఫోన్ తీసుకునేటప్పుడు వాళ్లు సమస్య రాసే కాగితం) ‘బ్యాటరీ సమస్య’ అని రాసి ఊరుకుంటే ఒప్పుకోవద్దు. ‘30 శాతం దగ్గర కెమెరా వాడితే ఆఫ్ అవుతోంది’ అని రాయించి, కాపీ తీసుకోండి.

డబ్బు కట్టే ముందు ఇంకొకటి. మీ మోడల్‌కు కంపెనీ ఉచితంగా బ్యాటరీ మారుస్తోందేమో, దాని సపోర్ట్ పేజీలో ఐఎంఈఐ నంబరు (ప్రతి ఫోన్‌కూ విడిగా ఉండే గుర్తింపు నంబరు) పెట్టి చూడండి. కంపెనీలు ఇలాంటివి గట్టిగా చాటవు. ఐఫోన్ 6ఎస్‌లో సరిగ్గా ఈ ఆఫ్ అయ్యే సమస్యకే 2016లో కొన్ని ఫోన్లకు ఆపిల్ ఉచితంగా బ్యాటరీలు మార్చింది. 2017 జనవరిలో ఐఓఎస్ 10.2.1 అనే సాఫ్ట్‌వేర్ అప్‌డేట్‌తో, ఇలా ఆఫ్ కాకుండా పాత బ్యాటరీ ఉన్న ఫోన్ల వేగం తగ్గించింది. ఆ సంగతి స్పష్టంగా చెప్పలేదు. డిసెంబరులో అది బయటపడ్డాక క్షమాపణ చెప్పి, బ్యాటరీ ధరను 79 డాలర్ల నుంచి 29కి దించింది. 2025లో గూగుల్ పిక్సెల్ 4ఏ, 6ఏ ఫోన్లలో అప్‌డేట్‌తో బ్యాటరీ సామర్థ్యం తగ్గించి, ఉచిత మార్పిడి లేదా పరిహారం ఇచ్చింది, అదీ గడువు పెట్టి. అప్‌డేట్ వచ్చిన మర్నాటి నుంచే ఛార్జ్ నిలవకపోతే, ఆ అప్‌డేట్ గురించి కంపెనీ ఏం రాసిందో తప్పక చదవండి.

సమస్య: వెనక ప్యానెల్ లేచింది, లేదా స్క్రీన్ పైకి వచ్చింది

బ్యాటరీ ఉబ్బింది. ఛార్జ్ పెట్టొద్దు, నొక్కొద్దు, గుచ్చొద్దు. ఆఫ్ చేసి ఆ రోజే సర్వీస్ సెంటర్‌కు ఇచ్చేయండి.

మదర్‌బోర్డు షార్ట్, నీళ్లు దిగడం లాంటివీ కారణం కావచ్చు. పైవన్నీ చూశాకే వాటి గురించి ఆలోచించండి.

వారంటీలో ఉన్నా బ్యాటరీ మార్చబోమని సర్వీస్ సెంటర్ అంటే, కంపెనీకి ఈమెయిల్‌లో రాతపూర్వకంగా ఫిర్యాదు చెయ్యండి. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చెయ్యండి. అప్పుడు బిల్లు, ఆ జాబ్ షీట్ కాపీ చేతిలో ఉంచుకోండి.