టక్‌మని ఆగిపోయే సెల్ఫ్: మా పాత కారులో జబ్బు దొరికిన చోటు

మా 2009 మోడల్ పెట్రోల్ కారు పొద్దున్నే తాళం తిప్పితే టక్‌మని ఒక్క శబ్దం చేసి ఊరుకునేది. లైట్లు వెలుగుతాయి, ఇంజిన్ తిరగదు. అమ్మను ఆస్పత్రికి తీసుకెళ్లాల్సిన రోజుల్లో చాలా టెన్షన్ పడ్డాం.

కొత్త బ్యాటరీ, సెల్ఫ్ మోటారుకు (ఇంజిన్‌ను మొదట తిప్పే మోటారు) కొత్త బ్రష్‌లు, రిలే (దానికి కరెంటు అందించే స్విచ్) మార్పు: ఏదీ పనిచేయలేదు.

చివరికి జబ్బు పట్టిచ్చింది మల్టీమీటర్ (వోల్టులు కొలిచే మీటరు). గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్‌బ్రేక్ వేసి, మీటరును 20 వోల్టుల డీసీలో పెట్టాను. నల్ల ప్రోబ్ బ్యాటరీ మైనస్ మీద, ఎర్రది ఇంజిన్ లోహం మీద ఆనించి, మా అబ్బాయిని తాళం తిప్పమన్నాను. అర వోల్టు లోపు ఉండాల్సింది 4.6 చూపించింది. అంటే కరెంటు తిరిగొచ్చే దారిలోనే అడ్డం ఉంది.

ముందు బ్యాటరీ మైనస్ టెర్మినల్ తీశాను (ఇది మర్చిపోవద్దు). తర్వాత ఎర్త్ వైరును (బ్యాటరీ మైనస్‌ను ఇంజిన్ వైపు లోహానికి కలిపే వైరు) గేర్‌బాక్స్‌కు బిగించిన బోల్టు విప్పాను. పైకి గట్టిగానే ఉంది కానీ, వాషరు కింద వైరు చివరి రింగు చుట్టూ తెల్లటి, ఆకుపచ్చ పొడి పేరుకుపోయి ఉంది. రెండు వైపులా లోహం తళతళలాడేదాకా శాండ్‌పేపర్‌తో రుద్ది, గట్టిగా బిగించి, పైన వ్యాజిలిన్ పూశాను. మైనస్ చివర్లో తగిలించాను. మళ్లీ కొలిస్తే 0.2! వానాకాలమంతా ఒక్కసారీ మొరాయించలేదు.

అందరికీ ఇదేనని చెప్పలేను. సెల్ఫ్ సోలనాయిడ్ (మోటారు మీదుండే అయస్కాంత స్విచ్) అరిగినా, ప్లస్ వైరు పాడైనా అదే టక్ వినిపిస్తుంది. మీటరు అర వోల్టు లోపే చూపిస్తే లోపం ఇంకోచోట వెతకండి. రుద్దినా రీడింగ్ తగ్గకపోతే వైరు లోపలే తుప్పు పట్టి ఉండొచ్చు, అప్పుడు కొత్త వైరు వేయించుకోవాల్సిందే.