ఇంగ్లీష్ ఎక్కడ ఆగుతోంది? ఉద్యోగంలో ఉన్నవాళ్ళకి సమస్య – పరిష్కారం

మా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో "పనిచేయడం లేదు" అని ఒక్క ముక్క రాసి బగ్ (ప్రోగ్రామ్‌లో దొరికిన తప్పు) పెడితే డెవలపర్ వెనక్కి పంపేస్తాడు. ఏ పేజీలో, ఏం నొక్కితే, ఏం వచ్చిందో రాయాలి. "నాకు ఇంగ్లీష్ రాదు" అన్న మాట కూడా అలాంటి బగ్గే. ఆ మాట అనేవాళ్ళు రోజూ ఇంగ్లీష్‌లో వచ్చిన మెయిళ్ళు చదువుతారు, జవాబులు రాస్తారు, క్లయింట్ పంపిన పత్రంలో తప్పులు కూడా పట్టుకుంటారు. వాళ్ళకి ఇంగ్లీష్ వచ్చు. మాట్లాడేటప్పుడు ఒకచోట ఆగుతోంది. ఆ చోటు మనిషికొకటి.

నేను ప్రకాశం జిల్లాలో పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. హైదరాబాద్‌లో ఉద్యోగం మొదలుపెట్టి 14 ఏళ్ళయింది. టీమ్‌లో కొత్తగా చేరినవాళ్ళతో లంచ్ తర్వాత ఓ పావుగంట ఇంగ్లీష్ మాట్లాడిస్తుంటాను. అక్కడ పదేపదే చూసిన సమస్యలే ఇక్కడ రాస్తున్నాను. మీది ఏదో తెలియకపోతే ముందు ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి, "నిన్న ఆఫీసులో ఏం చేశాను" అని రెండు నిమిషాలు ఇంగ్లీష్‌లో మాట్లాడండి. మర్నాడు కాగితం పెట్టుకుని వినండి. ఎక్కడ ఆగారు, ఏ వాక్యం మళ్ళీ మొదలుపెట్టారు, ఏ మాట పదిసార్లు వాడారు అన్నది గుర్తు పెట్టుకోండి. మీ గొంతు మీకే ఎబ్బెట్టుగా ఉంటుంది, అందరికీ అంతే. రెండోసారి వినేటప్పుడు ఆ ఇబ్బంది పోతుంది.

సమస్య: పదాలన్నీ తెలుసు, వాక్యం మాత్రం సగంలో ఆగిపోతుంది

ఇది అన్నిటికంటే ఎక్కువమందిలో చూశాను. కారణం పదాలు తెలియకపోవడం కాదు, క్రియ ఉండే చోటు. "నిన్న క్లయింట్ పంపిన ఫైల్లో ఉన్న తప్పు సరిచేశాను" అంటాం. అసలు పని, అంటే "సరిచేశాను", చిట్టచివర వస్తుంది. ఇంగ్లీష్‌లో అది రెండో మాటగానే రావాలి. మనం తెలుగు వరసలోనే "యెస్టర్‌డే క్లయింట్ సెంట్ ఫైల్ ఇన్..." అని మొదలుపెట్టేసరికి ముందుకు దారి ఉండదు. అప్పుడు వెనక్కి వచ్చి మళ్ళీ మొదలుపెడతాం. ఎదుటివాళ్ళకి అది తడబాటులా వినిపిస్తుంది.

ఇలా చేయండి. నోరు తెరవగానే ఎవరు, ఏం చేశారు అన్న రెండు మాటలు బయట పడేయండి: "ఐ ఫిక్స్‌డ్". ఆ తర్వాత ఏమిటి, ఎక్కడ, ఎప్పుడు అన్నవి ఒక్కొక్కటిగా తగిలించండి. పొడుగు వాక్యం కట్టాలన్న పట్టుదల వద్దు. "ఐ ఫిక్స్‌డ్ ది ఎర్రర్. ఇట్ వాజ్ ఇన్ ద ఫైల్. ద క్లయింట్ సెంట్ ఇట్ యెస్టర్‌డే." మూడు చిన్న వాక్యాలు. ఎవరూ తప్పు పట్టరు. పైగా వినేవాళ్ళకి హాయిగా ఉంటుంది.

ఇది నోటికి అలవాటు కావడానికి నాకు తెలిసినంతలో మంచి సాధన 4-3-2. దీన్ని 1983లో కీత్ మారిస్ ప్రతిపాదించారు, న్యూజిలాండ్‌కి చెందిన భాషాశాస్త్రవేత్త పాల్ నేషన్ ప్రచారంలోకి తెచ్చారు. ఒకే విషయాన్ని ముందు 4 నిమిషాలు, తర్వాత 3, తర్వాత 2 నిమిషాల్లో చెప్పాలి. అసలు పద్ధతిలో ప్రతిసారీ వినేమనిషి మారతారు. మనిషి దొరక్కపోతే ఫోన్ రికార్డర్‌కే చెప్పండి. మొదటిసారి మాటలు వెతుక్కుంటారు. మూడోసారికి వెతుక్కునే పని ఉండదు, మాటలు వాటంతటవే వరసలో పడతాయి. విషయం మాత్రం మీ పనిలోంచే తీసుకోండి. "మై ఫేవరెట్ ఫెస్టివల్" మీద ఎంత సాధన చేసినా సోమవారం కాల్‌లో అక్కరకు రాదు.

సమస్య: రెండు నిమిషాలు మాట్లాడాక "సో, ఈజ్ ఇట్ డన్?" అని అడుగుతున్నారు

మా టీమ్‌లో ఒక తమ్ముడు ఉండేవాడు. పనిలో అతనికి వంక పెట్టలేం. కాల్‌లో వంతు రాగానే మ్యూట్ తీసి, గొంతు సవరించుకుని, "యాక్చువల్లీ వాట్ హ్యాపెండ్ ఈజ్..." అని మొదలుపెట్టేవాడు. సర్వర్ ఎప్పుడు ఆగింది, ఎవరికి ఫోన్ చేశాడు, వాళ్ళు ఏమన్నారు, ఆ తర్వాత ఏం చేశాడు, అన్నీ వరసగా చెప్పేవాడు. చివర్లో అసలు సంగతి చెప్పేలోపే అటునుంచి ఆ ప్రశ్న వచ్చేది. అతని ముఖం వాడిపోయేది.

అతని ఇంగ్లీష్‌లో తప్పు లేదు. అతను చెప్పిన వరస తెలుగు వరస. వెళ్ళి, చూసి, అడిగి, తెలుసుకుని, చేశాను అని ముందు నడక చెప్పి చివర ఫలితం చెప్పడం మనకి సహజం. కాల్‌లో ఉన్నవాళ్ళకి ఫలితం ముందు కావాలి.

కాల్‌కి ముందు కాగితం మీద మొదటి మాట ఒక్కటి రాసిపెట్టుకోమన్నాను. "డన్", లేదా "నాట్ డన్", లేదా "బ్లాక్‌డ్" (ఏదో అడ్డుపడి పని ఆగింది). ఆ మాటతో మొదలుపెట్టాలి, తర్వాత ఒక్క కారణం, తర్వాత ఎప్పటికి అవుతుందో. "నాట్ డన్. ద సర్వర్ వాజ్ డౌన్. ఐ విల్ ఫినిష్ ఇట్ బై త్రీ." అంతే. రెండు వారాల్లో ఆ ప్రశ్న రావడం ఆగిపోయింది. వివరాలు కావాల్సినవాళ్ళు వాళ్ళే అడుగుతారు.

సమస్య: మీరు మర్యాదగానే అన్నారు, వాళ్ళకి కటువుగా వినిపించింది

మన మర్యాద అంతా "అండి"లో ఉంది. "ఫైల్ పంపండి" అంటే ఎంత మెత్తగా ఉంటుందో చూడండి. ఇంగ్లీష్‌లోకి తెచ్చేసరికి "సెండ్ మి ద ఫైల్" అవుతుంది. "అండి" దారిలోనే రాలిపోయింది, మిగిలింది ఆజ్ఞ. ముందు "ప్లీజ్" తగిలించినా అది ఆజ్ఞే, కాస్త మెత్తబడుతుంది. ఇంగ్లీష్‌లో మర్యాద ప్రశ్నలో ఉంటుంది: "కుడ్ యూ సెండ్ మి ద ఫైల్?" ఫోన్ ఎత్తి "చెప్పండి" అన్నట్టు "టెల్ మి" అనడం కూడా ఇలాంటిదే. "యెస్, గో ఎహెడ్" అంటే సరిపోతుంది.

దీనికంటే పెద్ద ప్రమాదం ఊ కొట్టడంలో ఉంది. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే మధ్యమధ్య "ఆ... ఆ..." అనడం మనకి మర్యాద. వింటున్నానని చెప్పడమే దాని అర్థం, ఒప్పుకున్నట్టు కాదు. అదే అలవాటుతో ఇంగ్లీష్‌లో "యెస్, యెస్, ఓకే" అంటాం. నా ఉద్యోగంలో నాలుగో ఏడు ఒక క్లయింట్ మేనేజరు శుక్రవారానికల్లా పని అయిపోవాలని వివరిస్తుంటే నేను ఇలాగే "యెస్, యెస్" అంటూ పోయాను. కాల్ అయిన పది నిమిషాలకి మెయిల్ వచ్చింది, శుక్రవారానికి ఇస్తామని నేను ఒప్పుకున్నట్టు. అది కనీసం పది రోజుల పని. ఆ వారం ఇద్దరు మనుషులు నాతోపాటు రాత్రిళ్ళు కూర్చున్నారు. నాకది ఇప్పటికీ బాధే.

ఆ తర్వాత ఊ కొట్టడానికి వేరే మాటలు పెట్టుకున్నాను. వింటున్నానని చెప్పడానికి "ఐ సీ". మాట ఇవ్వకుండా అర్థమైందని చెప్పడానికి "ఐ అండర్‌స్టాండ్. లెట్ మి చెక్ విత్ ద టీమ్ బిఫోర్ ఐ కన్ఫర్మ్." ఈ రెండో వాక్యాన్ని నిద్రలో లేపి అడిగినా వచ్చేంతగా కంఠస్థం చేయండి. కుదరదని చెప్పడానికి మనం "చూద్దాం", "ట్రై చేస్తాను" అంటాం. తెలుగువాళ్ళకి అందులో "కాదు" వినిపిస్తుంది. ఇంగ్లీష్‌లో "ఐ విల్ ట్రై" అంటే చాలామంది దాన్ని సగం హామీగా తీసుకుంటారు. "ఐ కాంట్ డు ఇట్ బై ఫ్రైడే, బట్ ఐ కెన్ గివ్ యూ ద ఫస్ట్ పార్ట్" అనడం మేలు.

ఇంకో చిన్న సంగతి. మనకి "మనం" వేరు, "మేము" వేరు. ఇంగ్లీష్‌లో రెండూ "వి"నే. "వి విల్ టెస్ట్ ఇట్" అంటే ఎవరు చేస్తారో తేలదు. "మై టీమ్ విల్ టెస్ట్ ఇట్" అని విడమరిచి చెప్పండి.

సమస్య: గ్రామర్ తెలిసినా అవే తప్పులు మళ్ళీ మళ్ళీ

వీటిని ఇంగ్లీష్ వైపు నుంచి దిద్దుకోవడం కష్టం. ఏ తెలుగు మాట ఆ తప్పు చేయిస్తోందో పట్టుకుంటే సులువు. "నుంచి" చూడండి. "2019 నుంచి", "ఐదేళ్ళ నుంచి", రెండింటికీ మనకి ఒకటే మాట. అందుకే "సిన్స్ ఫైవ్ ఇయర్స్" వచ్చేస్తుంది. మొదలైన తేదీ చెబితే "సిన్స్", ఎంతకాలమో చెబితే "ఫర్": "ఐ హావ్ బిన్ వర్కింగ్ హియర్ ఫర్ ఫైవ్ ఇయర్స్." అలాగే "గురించి చర్చించాం" నుంచి "డిస్కస్డ్ అబౌట్" వస్తోంది, అక్కడ "అబౌట్" తీసేయండి. "నిన్ననే", "ఇక్కడే"లో ఉన్న ఏకారం "ఓన్లీ"గా మారుతోంది, దాన్నీ తీసేసి ఆ మాటనే నొక్కి పలకండి. "ఎక్కడున్నాడో తెలియదు" అనాలంటే "ఐ డోంట్ నో వేర్ హీ ఈజ్", చివర్లో "ఈజ్". వారానికి ఒక్క తప్పునే తీసుకోండి. ఆ వారం మిగతావి ఎన్ని దొర్లినా పట్టించుకోకండి.

ఇక "ఇది ఎన్నోది?" అన్న ప్రశ్న దగ్గర ఆగితే అది మీ లోపం కాదు. "ఎన్నో"కి సరిపడే ఒక్క మాట ఇంగ్లీష్‌లో లేదు. "విచ్ వెర్షన్ ఈజ్ దిస్?" అని చుట్టూ తిరిగి అడగాల్సిందే.

సమస్య: "సారీ?" అని మళ్ళీ మళ్ళీ అడుగుతున్నారు

అమెరికన్ యాసో, బ్రిటిష్ యాసో తెచ్చిపెట్టుకోనక్కర్లేదు. మూడు చోట్ల సరిచేస్తే చాలు.

మొదటిది మాట చివర. మనది అజంత భాష, మాట అచ్చుతో ముగియాలి. అందుకే బస్సు, కారు, బ్యాంకు. ఆ చివరి ఉకారం ఇంగ్లీష్ వినేవాళ్ళకి అదనపు ముక్కలా తగులుతుంది. దీనికి మందు మన వ్యాకరణంలోనే ఉంది, బడిలో నేర్చుకున్న ఉత్వ సంధి. మనము + అందరం = మనమందరం అయినట్టే, వర్కు + ఎట్ = వర్కెట్, చెక్కు + ఇట్ = చెక్కిట్. తర్వాతి మాట అచ్చుతో మొదలైతే కలిపేయండి. ఇంగ్లీష్‌వాళ్ళు కూడా అలాగే కలిపి పలుకుతారు. ఈ మాట చెప్పగానే మావాళ్ళు గ్రామర్ పుస్తకంలో లేని ధైర్యం తెచ్చుకోవడం చాలాసార్లు చూశాను.

రెండోది నొక్కు. మనం అన్ని అక్షరాలనీ సమానంగా పలుకుతాం. ఇంగ్లీష్‌లో ఒకదాన్ని నొక్కి మిగతావి తేల్చేస్తారు. "డెవలప్"లో నొక్కు "వె" మీద, "హోటల్", "ఈవెంట్"లో రెండో భాగం మీద. డిక్షనరీలో నొక్కే భాగానికి ముందు చిన్న నిలువు గీత ఉంటుంది. మీ పనిలో రోజూ వాడే 20 మాటలు రాసుకుని వాటికి మాత్రం ఈ గీత ఎక్కడుందో చూసుకోండి.

మూడోది అంకెలు. 15, 50 ఫోన్‌లో ఒకేలా వినిపిస్తాయి. "ఫిఫ్టీన్, వన్ ఫైవ్" అని విడదీసి చెప్పండి. విదేశీ క్లయింట్‌తో లక్షలు, కోట్లు వద్దు. 10 లక్షలు ఒక మిలియన్, కోటి అంటే 10 మిలియన్లు.

సమస్య: మనం మాట్లాడగలం, వాళ్ళ మాట అందడం లేదు

పైన చెప్పిన నొక్కుకి ఇది రెండో వైపు. నొక్కని మాటల్ని వాళ్ళు మింగేస్తారు. "కెన్" దాదాపు "క్‌న్" అయిపోతుంది. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్‌లో "6 మినిట్ ఇంగ్లీష్" ఉచితంగా దొరుకుతుంది, మాటలు రాసిన ప్రతి కూడా ఇస్తారు. ఆరు నిమిషాలూ వద్దు, ఒక్క నిమిషం చాలు. విని రాయండి, ప్రతితో పోల్చండి, తప్పినవాటికి సున్నా చుట్టండి. ఎక్కువగా ఆఫ్, టు, హావ్ లాంటి చిన్న మాటలే ఉంటాయి. అదే నిమిషాన్ని మళ్ళీ వింటూ, వెనకే మీరూ పలకండి.

సమస్య: ఒంటరిగా బాగానే వస్తుంది, మేనేజరు ముందు టెన్షన్

మావాళ్ళలో చాలామందికి ఈ భయం పరాయివాళ్ళ ముందు ఉండదు, తోటి తెలుగువాళ్ళు వింటున్నప్పుడే ఉంటుంది. ఎప్పుడో ఎవరో నవ్వి ఉంటారు. కాబట్టి మీరు టీమ్ లీడ్ అయితే మీటింగ్‌లో ఎవరి ఇంగ్లీష్‌నీ అందరి ముందు దిద్దకండి, తర్వాత పక్కకి పిలిచి చెప్పండి. భయపడేవాళ్ళు మీరే అయితే మీటింగ్ మొదటి అయిదు నిమిషాల్లోనే ఒక చిన్న ప్రశ్న అడిగేయండి, ముందే రాసుకున్నదైనా సరే. ఒకసారి గొంతు బయటికి వస్తే రెండోసారి అంత బరువుండదు.

సమస్య: టైమ్ లేదు, మూడో వారంలో ఆగిపోతుంది

కొత్తగా ఒక గంట వెతుక్కుంటే దొరకదు, ఇల్లూ పిల్లలూ ఉన్నవాళ్ళకి అసలే దొరకదు. రోజూ ఎలాగూ చేసే పనికి దీన్ని కట్టేయండి. సాయంత్రం స్టేటస్ మెయిల్ రాశాక, పంపేముందు దాన్ని గొంతు విప్పి చదవండి. మర్నాడు అమీర్‌పేటలో మెట్రో ఎక్కి రాయదుర్గంలో దిగేలోపు అదే విషయాన్ని మెయిల్ చూడకుండా పెదాలు కదుపుతూ చెప్పుకోండి. ఆఫీసు లిఫ్ట్ దగ్గర మూడోసారి, "డన్", "నాట్ డన్"తో మొదలుపెట్టి. కాల్‌లో చెప్పేది నాలుగోసారి అవుతుంది. నెలకోసారి, జీతం పడిన రోజున, ఆ రెండు నిమిషాల రికార్డింగ్ మళ్ళీ చేసి పాతదాని పక్కన పెట్టి వినండి.