రేకుల షెడ్డులో త్రీఫేజ్ సాకెట్లు: సర్క్యూట్ లెక్క ఎలా వేయాలి

నేలకు బిగించి నేరుగా వైరు కలిపిన యంత్రానికి వేసే సర్క్యూటుకూ, సాకెట్‌కు వేసే సర్క్యూటుకూ ఒక ముఖ్యమైన తేడా ఉంది. మొదటిదాని మీద ఏ లోడు పడుతుందో ముందే తెలుసు. సాకెట్‌లో మాత్రం ఈ రోజు డ్రిల్లింగ్ మెషిన్ ప్లగ్గు ఉంటే, రేపు ఎవరో అద్దెకు తెచ్చిన వెల్డింగ్ సెట్టు ప్లగ్గు ఉండవచ్చు. అందువల్ల సాకెట్ సర్క్యూటును యంత్రాన్ని బట్టి కాక, సాకెట్ మీద రాసి ఉన్న ఆంపియర్లను బట్టి లెక్కవేయాలి. 16 ఆంపియర్ల సాకెట్‌కు వెనుక ఉండే ఎంసీబీ (కరెంటు హద్దు దాటితే దానంతట అదే పడిపోయి సర్క్యూటును తెంచే స్విచ్) 16 దాటకూడదు, ఆ ఎంసీబీ వదిలే కరెంటును కేబుల్ వేసవి మధ్యాహ్నం కూడా మోయగలగాలి.

ఉదాహరణకు విజయవాడ ఆటోనగర్ లాంటి చోట ఒక రేకుల షెడ్డును తీసుకుందాం. అందులో 5 హెచ్‌పీ లేత్, 7.5 హెచ్‌పీ కంప్రెసర్, 300 ఆంపియర్ల ఆయిల్ కూల్డ్ వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్ ఉన్నాయనుకుందాం. మోటారు కరెంటు తెలియాలంటే వాట్లను 1.732, 415 వోల్టులు, పవర్ ఫ్యాక్టర్ (లాగిన కరెంటులో నిజంగా పనికొచ్చే వంతు), ఎఫిషియెన్సీ (తీసుకున్న శక్తిలో పనిగా మారే వంతు) అన్నిటి గుణకారంతో భాగించాలి. 5 హెచ్‌పీ అంటే 3.7 కిలోవాట్లు కనుక 0.8 పవర్ ఫ్యాక్టర్, 0.85 ఎఫిషియెన్సీతో సుమారు 7.5 ఆంపియర్లు వస్తుంది. హెచ్‌పీకి ఒకటిన్నర ఆంపియర్ అని మేస్త్రీలు నోటిలెక్కగా చెప్పేది ఇక్కడ సరిగ్గానే సరిపోతుంది. కంప్రెసర్‌కు దాదాపు 11 ఆంపియర్లు. ఈ రెండింటికీ 16 ఆంపియర్ల సాకెట్ చాలు.

వెల్డింగ్ ట్రాన్స్‌ఫార్మర్‌కు మాత్రం నోటిలెక్క పనికిరాదు. అది సాధారణంగా రెండు ఫేజ్‌ల మధ్య పనిచేస్తుంది. ఓపెన్ సర్క్యూట్ వోల్టేజి, అంటే వెల్డింగ్ చేయనప్పుడు బయటి వైపు ఉండే వోల్టేజి, 80 అయితే నిష్పత్తి 415 బై 80, అంటే దాదాపు 5.2 కనుక, సెకండరీలో (వెల్డింగ్ వైపు) 300 ఆంపియర్లు లాగితే ప్రైమరీలో (సాకెట్ వైపు) 58 ఆంపియర్లు పారుతుంది. 60 శాతం డ్యూటీ సైకిల్ (మొత్తం సమయంలో నిజంగా వెల్డింగ్ జరిగే వంతు) లెక్కన వేడికి సమానమైన నిరంతర కరెంటు 45 ఆంపియర్లకు దిగుతుంది. అయినా దానికి 63 ఆంపియర్ల సాకెట్, విడి సర్క్యూట్ తప్పవు. మూడో ఫేజ్ ఖాళీగా ఉండి మిగిలిన రెండింటి మీదే భారం పడటం దీని పెద్ద లోపం. కొత్తగా కొనేవారికైతే మూడు ఫేజ్‌ల నుంచీ కరెంటు తీసుకునే ఇన్వర్టర్ సెట్టే మేలని నా అభిప్రాయం.

ఇక కేబుల్. గోడ మీద కండ్యూట్‌లో (వైర్లు లాగే పైపులో) వేసిన పీవీసీ రాగి వైర్లకు, మూడు ఫేజ్‌లూ లోడులో ఉన్నప్పుడు, పట్టికలు 2.5 స్క్వేర్ ఎంఎంకు 21, 4కు 28, 6కు 36, 10కి 50 ఆంపియర్లు ఇస్తాయి. ఈ అంకెలు 30 డిగ్రీల పరిసర ఉష్ణోగ్రతకు సంబంధించినవి. మే నెలలో మన రేకుల కింద 30 డిగ్రీలు ఎక్కడ ఉంటుంది? 45 డిగ్రీలకు ఈ అంకెలను 0.79తో, ఒకే కండ్యూట్‌లో రెండు సర్క్యూట్లు వెళితే మళ్లీ 0.80తో గుణించాలి. అప్పుడు 2.5 స్క్వేర్ ఎంఎం వైరు 13.3 ఆంపియర్లకు పడిపోయి 16 ఆంపియర్ల ఎంసీబీకి చాలదు, 4 స్క్వేర్ ఎంఎం 17.7తో నిలబడుతుంది. 32 ఆంపియర్ల సాకెట్‌కు 10 స్క్వేర్ ఎంఎం కూడా ఇలా జత కట్టినప్పుడు 31.6కే ఆగిపోతుంది. విడి కండ్యూట్ ఇస్తే అదే వైరు 39.5 మోస్తుంది. ఒక పైపు ఖర్చుతో తీరే సమస్యకు లావు వైరు కొనడం అనవసరం.

వోల్టేజి డ్రాప్ చిన్న షెడ్డులో పెద్ద సమస్య కాదు. 4 స్క్వేర్ ఎంఎం వైరులో 30 మీటర్ల దూరానికి 16 ఆంపియర్ల వద్ద సుమారు 4.6 వోల్టులు పోతుంది, ఇది ఒక శాతం కంటే కొంచెం ఎక్కువ మాత్రమే.

ఎంసీబీ ఎంపికలో రెండు విషయాలు చూడాలి. మొదటిది, మూడు పోల్స్ ఒకేసారి పడే ఎంసీబీ కావాలి. మూడు సింగిల్ పోల్ ఎంసీబీలు పెడితే ఒకటే పడిపోయి, మోటారు రెండు ఫేజ్‌ల మీద మూలుగుతూ కాలిపోతుంది. రెండోది కర్వ్, అంటే రేటింగుకు ఎన్ని రెట్ల కరెంటుకు తక్షణం పడాలో చెప్పే రకం. సీ కర్వ్ ఎంసీబీ రేటింగుకు 5 నుంచి 10 రెట్ల మధ్య, డీ కర్వ్ 10 నుంచి 20 రెట్ల మధ్య తక్షణం పడుతుంది. డైరెక్ట్ స్టార్టరుతో నడిచే కంప్రెసర్ స్టార్టింగులో ఏడు రెట్లు, అంటే 77 ఆంపియర్లు లాగవచ్చు. సీ 16 ఎంసీబీ 80 దగ్గరే పడే అవకాశం ఉంది కనుక ఆ సాకెట్‌కు డీ కర్వ్ ఇవ్వడం మంచిది. లేత్‌కు సీ చాలు.

ఎక్కువ మంది తేలికగా తీసుకునేది ఎర్తింగ్‌ను. బాగా తవ్వి పూడ్చిన ఎర్త్ పిట్ 5 ఓమ్‌లు చూపితే అందరూ సంతోషిస్తారు. కానీ తిరిగి వెళ్లే దారి ఆ మట్టి ఒక్కటే అయితే, యంత్రం బాడీకి ఫేజ్ తగిలినప్పుడు పారే కరెంటు 230 బై 5, అంటే 46 ఆంపియర్లకు మించదు. 32 ఆంపియర్ల ఎంసీబీ ఆ 46 ఆంపియర్లను గంటసేపు మోసినా ప్రమాణం ప్రకారం తప్పు లేదు, ఎందుకంటే గంటలోపు తప్పక పడాల్సిన హద్దు 1.45 రెట్లు, అంటే 46.4 ఆంపియర్లు. అంతసేపూ యంత్రం బాడీ మీద ప్రాణాపాయకరమైన వోల్టేజి ఉంటుంది. అందుకే 32 ఆంపియర్ల వరకు ప్రతి సాకెట్‌కూ 30 మిల్లీ ఆంపియర్ల ఫోర్ పోల్ ఆర్‌సీసీబీ (కరెంటు ఎర్త్‌లోకి లీకయితే వెంటనే పడే స్విచ్) గాని ఆర్‌సీబీవో (ఆర్‌సీసీబీ, ఎంసీబీ రెండూ కలిసినది) గాని తప్పనిసరిగా ఉండాలి. వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ డ్రైవు) ఉన్న యంత్రం తగిలించే సాకెట్‌కైతే డీసీ లీకేజిని కూడా పసిగట్టే టైప్ బీ రకం కావాలి, ఎందుకంటే డ్రైవు నుంచి వచ్చే డీసీ లీకేజి మామూలు టైప్ ఏసీ పరికరాన్ని మొద్దుబార్చగలదు.

సాకెట్ విషయంలో ఐఎస్/ఐఈసీ 60309 ప్రకారం తయారైన ఎర్ర రంగు ఫైవ్ పిన్ రకాన్నే ఎంచుకోవాలి. నాలుగు పిన్నులది కొంత చవక, కానీ అందులో న్యూట్రల్ ఉండదు. లేత్ లైటుకో కాంటాక్టర్ కాయిల్‌కో 230 వోల్టులు అవసరమైనప్పుడు ఎవరో ఒకరు ఎర్త్ వైరునే న్యూట్రల్‌గా వాడేస్తారు. అలా చేయగానే ఆర్‌సీసీబీ పడుతుంది. ఆ తర్వాత, ఊరికే పడుతోందని ఆర్‌సీసీబీనే తీసేస్తారు. ఐదో వైరు ముందే ఉంటే ఈ కథ మొదలే కాదు.

పని లైసెన్సు ఉన్న కాంట్రాక్టరు చేత చేయించి, కరెంటు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గర్‌తో (ఇన్సులేషన్ నిరోధాన్ని కొలిచే మీటరు) ఇన్సులేషన్ పరీక్షించాలి. కనీసం ఒక మెగా ఓమ్ రావాలి, డ్రైవులు, ఎలక్ట్రానిక్ పరికరాలు ముందుగానే విప్పి ఉండాలి. కరెంటు వచ్చాక ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నొక్కి చూసి, ఫేజ్ సీక్వెన్స్ మీటరుతో అన్ని సాకెట్లలో ఫేజ్‌ల వరుస ఒకేలా ఉందో లేదో సరిచూడాలి. ఏదైనా మోటారు వెనక్కి తిరిగితే దాని స్టార్టర్ దగ్గరే రెండు వైర్లు మార్చాలి గాని సాకెట్‌ను ముట్టకూడదు. సాకెట్‌లో మారిస్తే ఆ మోటారు సరిగా తిరుగుతుంది, కానీ రేపు అక్కడ తగిలించే కంప్రెసర్ తలకిందులుగా తిరుగుతుంది.