వాల్వ్ టైమింగ్ డయాగ్రమ్ ఎలా గీయాలి? టీడీసీని కంటితో పట్టేవాళ్ల కోసం

హైదరాబాద్ చుట్టుపక్కల ఆటోమొబైల్ గానీ మెకానికల్ గానీ చదివేవాళ్లకు ఈ ప్రయోగం ఏదో ఒక సెమిస్టర్‌లో ల్యాబ్‌లో ఎదురవుతుంది. చూడ్డానికి తేలిక. ఫ్లైవీల్ తిప్పు, గుర్తు పెట్టు, కొలువు, గీయి. పదహారేళ్లుగా ఒక కాలేజీ ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా ఉన్నాను. దీన్ని సరిగ్గా చేసిన బ్యాచ్‌లు నా రెండు చేతుల వేళ్లు దాటవు. మేం పాత ఇంజిన్ తీసేసి కొత్తది పెట్టి రెండేళ్లయింది. రికార్డుల్లో మాత్రం ఇప్పటికీ పాత ఇంజినే తిరుగుతోంది. సీనియర్ రికార్డు జిరాక్స్ షాపు మీదుగా జూనియర్ చేతికి వస్తుంది, రీడింగులు అక్షరం పొల్లుపోకుండా దిగిపోతాయి.

కొత్తవాళ్ల కోసం రెండు ముక్కలు. పిస్టన్ పైకీ కిందికీ ఆడితే తిరిగే ఇరుసు క్రాంక్, దాని కొసన ఉండే బరువైన చక్రం ఫ్లైవీల్. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్‌లో ఒక సైకిల్ పూర్తవడానికి క్రాంక్ రెండు చుట్లు, అంటే 720 డిగ్రీలు తిరుగుతుంది. వాల్వులను లేపే క్యామ్ షాఫ్ట్ ఆలోపు ఒక్క చుట్టే తిరుగుతుంది. పిస్టన్ పై కొసకు చేరిన చోటు టీడీసీ (టాప్ డెడ్ సెంటర్), కింది కొస బీడీసీ (బాటమ్ డెడ్ సెంటర్). వాల్వులు సరిగ్గా ఆ కొసల దగ్గరే తెరుచుకుని మూసుకోవు. పిస్టన్ కిందికి చేరకముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, లోపల మిగిలిన ఒత్తిడితోనే కాలిన గ్యాసు సగం బయటికి పోవాలని. ఇన్‌లెట్ వాల్వు బీడీసీ దాటాక గానీ మూసుకోదు. లోపలికి దూసుకొస్తున్న గాలి ఆ ఊపులో ఇంకాస్త వస్తుంది, తలుపు ముందే వేయడమెందుకు? ఈ ముందువెనకలను డిగ్రీల్లో కొలిచి గుండ్రంగా గీసిందే మన డయాగ్రమ్.

కావలసినవి

సిలిండర్ గోడ కోసి లోపల పిస్టన్ కనిపించేలా పెట్టిన సింగిల్ సిలిండర్ డీజిల్ ఇంజిన్. దాదాపు ప్రతి ల్యాబ్‌లోనూ ఒకటి ఉంటుంది. టైలర్ టేపు, మాస్కింగ్ టేపు, చెక్కిన పెన్సిల్, నీలం ఎరుపు రంగు పెన్సిళ్లు, స్టీలు స్కేలు, సన్న సందులు కొలిచే రేకుల కట్ట ఫీలర్ గేజ్. ల్యాబ్‌లో ఫీలర్ గేజ్ లేకపోతే రాణిగంజ్‌లో టూల్స్ అమ్మే ఏ దుకాణంలోనైనా దొరుకుతుంది.

చాక్‌పీసు వద్దు. దారమూ వద్దు. చాక్‌పీసుతో గీసిన గీతే ఒక డిగ్రీ మందం ఉంటుంది, ఇక అందులో ఏ అంచు నుంచి కొలుస్తారు? దారం లాగితే సాగుతుంది. మాన్యువల్‌లో దారమని రాసి ఉంటే ఉండనివ్వండి.

ముందు చేసే చిన్న పనులు

మోడల్‌కు మోటారు ఉంటే ప్లగ్ పీకేయండి. స్విచ్ ఆపితే చాలదు, లోపల వేళ్లు పెట్టబోతున్నారు. ఫ్లైవీల్ అంచు చుట్టూ మాస్కింగ్ టేపు అతికించండి. పక్కన ఇంజిన్ బాడీ మీద కదలని చోట ఒక పాయింటర్ ఉండాలి, లేకపోతే గట్టి తీగ ఒకటి వంచి బిగించండి. ఫ్లైవీల్ చుట్టుకొలత కొలవండి. టైలర్ టేపు 150 సెంటీమీటర్లే కాబట్టి పెద్ద ఫ్లైవీల్‌కు రెండు ముక్కలుగా కొలవాల్సి వస్తుంది. చుట్టుకొలత 1800 మిల్లీమీటర్లు అనుకుందాం, ఒక డిగ్రీకి 5 మిల్లీమీటర్లు. కింద లెక్కలన్నీ దీని మీదే. మీది ఎంతొస్తే అంత వేసుకోండి: పొడవును 360తో గుణించి చుట్టుకొలతతో భాగించడమే.

తర్వాత టాపెట్ గ్యాప్, అంటే మూసి ఉన్న వాల్వు కొసకూ దాన్ని నొక్కే రాకర్ ఆర్మ్‌కూ మధ్య సందు. రెండు వాల్వులూ మూసుకుని, రెండు పుష్ రాడ్లూ (క్యామ్ కదలికను రాకర్ ఆర్మ్‌కు అందించే కడ్డీలు) వదులుగా ఉన్నప్పుడు ఫీలర్ గేజ్‌తో చూసి, ఆ ఇంజిన్ మాన్యువల్‌లో ఉన్న గ్యాప్‌కు సరిచేయండి. ఇది మానేసేవాళ్లు చాలామంది. గ్యాప్ ఎక్కువైతే వాల్వు ఆలస్యంగా తెరుచుకుని తొందరగా మూసుకుంటుంది.

అసలు చిక్కు: టీడీసీ

ఇక్కడ నెమ్మదించండి.

అందరూ చేసేది ఇదీ. ఒకడు ఫ్లైవీల్ తిప్పుతాడు, ఇంకొకడు తల వంచి పిస్టన్ వంక చూస్తాడు, "ఆఁ, పైకొచ్చింది, ఆపు" అంటాడు. గుర్తు పడిపోతుంది. అక్కడే ప్రయోగం చెడింది. ఆ తర్వాత ఎంత శ్రద్ధగా కొలిచినా కాకి లెక్కలే.

ఎందుకంటే పై కొసలో పిస్టన్ దాదాపు కదలదు. చాలా కాలేజీల్లో కనిపించే కిర్లోస్కర్ సింగిల్ సిలిండర్ ఇంజిన్ స్ట్రోక్ 110 మిల్లీమీటర్లు. క్రాంక్ టీడీసీ నుంచి 1 డిగ్రీ తిరిగితే పిస్టన్ దిగేది మిల్లీమీటరులో నూరో వంతు. 5 డిగ్రీలు తిరిగినా పావు మిల్లీమీటరే. ఫ్లైవీల్ మీద మాత్రం అప్పటికి 25 మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి వెడల్పంత జరిగిపోయి ఉంటుంది. ఆ పావు మిల్లీమీటరు ఏ కంటికి ఆనుతుంది?

అదే ఇంజిన్‌కు సాధారణంగా చెప్పే టైమింగ్ చూడండి. ఇన్‌లెట్ టీడీసీకి 4.5 డిగ్రీల ముందు తెరుచుకుంటుంది, బీడీసీ తర్వాత 35.5 డిగ్రీలకు మూసుకుంటుంది. ఎగ్జాస్ట్ బీడీసీకి 35.5 డిగ్రీల ముందు తెరుచుకుని, టీడీసీ దాటి 4.5 డిగ్రీలకు మూసుకుంటుంది. కొలవాల్సింది నాలుగున్నర డిగ్రీలు, గుర్తులో తప్పు ఐదు డిగ్రీలు. అసలుకే ఎసరు. ఇన్‌లెట్ వాల్వు టీడీసీ దాటాక తెరుచుకున్నట్టు వస్తుంది, కుర్రాళ్లు కంగారుపడి సీనియర్ రికార్డు తెరుస్తారు. జిరాక్సుల కథకు మొదలు ఇదే.

ఈ దెబ్బ నేనూ తిన్నాను. డిప్లొమా చివరి ఏడాది ప్రాక్టికల్‌లో ఎక్స్‌టర్నల్‌గా వచ్చిన పెద్దాయన నా గుర్తు చూసి, "టీడీసీ ఎట్లా పట్టినవ్ బాబూ?" అన్నారు. "చూసి సార్" అన్నాను. ఆయన ఫ్లైవీల్‌ను బొటనవేలంత జరిపారు. "ఇప్పుడు పిస్టన్ కదిలిందా?" కదల్లేదన్నాను. ఇంకోవైపు జరిపారు. "ఇప్పుడు?" మళ్లీ కదల్లేదన్నాను. "మరి మూడింట్లో ఏది టీడీసీ?" అని పేపర్ పక్కన పెట్టేశారు.

సరైన పద్ధతి ఇదీ. పిస్టన్ ఆగేచోట కాదు, జోరుగా కదిలేచోట పట్టుకోవాలి. సిలిండర్ గోడ కోసిన అంచు వెంట సన్నని కాగితం ముక్క అతికించి, పిస్టన్ పై అంచు చేరే పై కొస నుంచి 9 మిల్లీమీటర్లు కింద పెన్సిల్‌తో ఒక గీత గీయండి. ఇంజిన్ తిరగాల్సిన దిశలోనే ఫ్లైవీల్ మెల్లగా తిప్పండి. పిస్టన్ పైకెళ్తూ దాని పై అంచు గీతను తాకగానే ఆపి, పాయింటర్ ఎదురుగా టేపు మీద సన్న గీత పెట్టండి. అదే దిశలో ఇంకా తిప్పండి. పిస్టన్ పైకి వెళ్లి, తిరిగి దిగుతూ మళ్లీ అదే గీతను తాకినప్పుడు ఇంకో గుర్తు. రెండు గుర్తుల మధ్య దూరం కొలిచి సరిగ్గా సగం దగ్గర పెట్టే గీతే టీడీసీ. మనం అనుకున్న ఫ్లైవీల్ మీద ఆ దూరం సుమారు 300 మిల్లీమీటర్లు వస్తుంది, సగం 150.

గీత 9 దగ్గరే ఉండాలని లేదు, 8.7 అయినా ఏమీ కాదు. రెండుసార్లూ అదే గీత కావాలి, అంతే. అక్కడ ఒక్క డిగ్రీకి పిస్టన్ అర మిల్లీమీటరు పైనే కదులుతుంది కాబట్టి కంటికి ఆనుతుంది. ఒక గుర్తులో 0.3 మిల్లీమీటర్ల పొరపాటు చేసినా టీడీసీ దగ్గర తేడా పావు డిగ్రీయే. కళ్లు మాత్రం గీత ఎత్తులో ఉండాలి. నిలబడి పైనుంచి చూస్తే అంచు ఒకచోట, గీత ఇంకోచోట కనిపిస్తాయి. నేను స్టూల్ వేసి కూర్చోబెడతాను. నవ్వుతారు, నవ్వనీ.

ఒక్కసారితో సరిపెట్టకండి. అదే పై కొస నుంచి 15 మిల్లీమీటర్ల కింద ఇంకో గీత గీసి మళ్లీ చేయండి. రెండు సగాలూ ఒకే చోట పడాలి. పడకపోతే ఎక్కడో గుర్తు తప్పిందనో, వెనక్కి తిప్పారనో అర్థం. దాటిపోయామని కాస్త వెనక్కి జరపడం ఈ ప్రయోగంలో పెద్ద నేరం. పిస్టన్‌కీ క్రాంక్‌కీ మధ్య బేరింగుల్లో, క్రాంక్‌కీ క్యామ్‌కీ మధ్య గేర్ల పళ్లలో వదులు ఉంటుంది, వెనక్కి జరిపితే ఆ వదులంతా రీడింగులోకి వచ్చేస్తుంది. దాటిపోతే పావు చుట్టు వెనక్కి వెళ్లి మళ్లీ ముందుకు రండి.

మిల్లీమీటరులో నూరో వంతుకు ఒక గీత చూపే డయల్ గేజ్ పెడితే సరిపోదా అని అడుగుతారు. పై కొస దగ్గర డయల్ గేజ్ ముల్లుకూ అదే గతి, ఒక డిగ్రీకి ఒక్క గీత కదులుతుంది. స్కూటర్ మెకానిక్ ప్లగ్ హోల్లో స్క్రూడ్రైవర్ పెట్టి చూస్తాడే అంటారు. అది బండి స్టార్ట్ అవడానికి సరిపోతుంది, డిగ్రీలు రాయడానికి చాలదు.

బీడీసీ కోసం మళ్లీ పిస్టన్ వంక చూడొద్దు. టీడీసీ నుంచి సరిగ్గా సగం చుట్టుకొలత, 900 మిల్లీమీటర్ల దగ్గర గీత పెట్టేయండి.

వాల్వు ఎప్పుడు తెరుచుకుందో

ముగ్గురు కావాలి. ఒకరు తిప్పడానికి, ఒకరు గుర్తు పెట్టడానికి, మూడో మనిషి రెండు వేళ్లతో పుష్ రాడ్‌ను అటూ ఇటూ తిప్పుతూ ఉండడానికి. వాల్వు మూసి ఉన్నంతసేపు రాడ్ వేళ్ల మధ్య తేలిగ్గా తిరుగుతుంది. బిగిసిన క్షణం వాల్వు తెరుచుకోవడం మొదలైంది. "ఆపు" అనాలి. మళ్లీ వదులైన క్షణం మూసుకుంది. రెండుసార్లు చేస్తే చేతికే తెలిసిపోతుంది.

కొందరు రాకర్ ఆర్మ్ కింద కాగితం పెట్టి లాగుతారు. బస్సు దిగి వచ్చిన ఆర్టీసీ టికెట్టే పెట్టినవాళ్లను చూశాను. కాగితానికీ మందం ఉంటుంది కదా, ఆ మేరకు గ్యాప్ తగ్గి వాల్వు ముందే తెరుచుకున్నట్టు, ఆలస్యంగా మూసుకున్నట్టు చూపిస్తుంది. మా ల్యాబ్‌లో కాగితం నిషేధం.

ఇన్‌లెట్‌కు నీలం, ఎగ్జాస్ట్‌కు ఎరుపు. గుర్తు పెట్టగానే పక్కన పేరు రాయండి. తర్వాత రాద్దామంటే ముందూ వెనకా తారుమారవుతాయి. ఫ్లైవీల్ తిరిగే దిశలో టీడీసీ గీత కంటే ముందు పాయింటర్ దగ్గరికి వచ్చేది టీడీసీకి ముందు జరిగినది. ఇంజిన్‌కు అటువైపు నిలబడి కొలిస్తే ఇది తలకిందులుగా అనిపిస్తుంది, కాబట్టి టేపు మీద దిశ చూపిస్తూ బాణం గుర్తు వేసుకోండి.

లెక్క సరిచూసుకోవడం

ఈ చిట్కా ఏ మాన్యువల్లోనూ నాకు కనబడలేదు. పై ఇంజిన్‌కు ఇన్‌లెట్ మొత్తం తెరిచి ఉండేది 4.5, 180, 35.5 కలిపితే 220 డిగ్రీలు. ఎగ్జాస్టూ అంతే. ఈ మొత్తానికి మీ టీడీసీ గుర్తుతో సంబంధం లేదు. మొత్తం 220 వచ్చి, విడి అంకెలు తేడాగా వస్తే తప్పు టీడీసీలో ఉంది. ఉదాహరణకు ఇన్‌లెట్ టీడీసీ తర్వాత 0.5కు తెరుచుకుని, బీడీసీ తర్వాత 40.5కు మూసుకుంటే మీ టీడీసీ గీత 5 డిగ్రీలు ముందుంది. మొత్తమే తగ్గితే టాపెట్ గ్యాప్ ఎక్కువుంది, మళ్లీ ఫీలర్ గేజ్ తీయండి.

డయాగ్రమ్ గీయడం గురించి చెప్పేదేం లేదు. రెండు చుట్లు కాబట్టి సుడిలా గీస్తారు, బాణం గుర్తులు మరిచిపోకండి.

2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ రేసు జరిగినప్పటి నుంచి ప్రతి బ్యాచ్‌లో ఒకరు అడుగుతున్నారు, "సార్, ఈవీలు వచ్చేశాయి, ఇంకా ఈ వాల్వులెందుకు?" అని. కిటికీలోంచి పార్కింగ్ చూపిస్తాను. వాళ్లు వచ్చిన బండ్లన్నీ పెట్రోల్‌వే.

పోయే ముందు ఫ్లైవీల్ మీది టేపు పీకేయండి. మర్చిపోతే మధ్యాహ్నం బ్యాచ్ వచ్చి, ఏమీ తిప్పకుండా మీ గుర్తులే కొలుచుకుని వెళ్లిపోతుంది.